ఫ్రిజ్‌లో రెండు సిరంజీలు

మీలాంటి కుర్ర డాక్టర్లు కలిసినప్పుడల్లా నేను గెలిచిన కేసుల గురించే అడుగుతారు. గోల్ఫ్ బంతి మింగిన లాబ్రడార్, మూడో అంతస్తు బాల్కనీ మీంచి పడి లేచి నడిచిన పిల్లి. అవి చెప్పడం నాకూ సరదాయే. వింటే మీకు ఒరిగేదేమీ లేదు. అందుకని ఈసారి ఒక ఫెరెట్‌కు నేను వేసిన టీకా గురించి చెబుతాను. అది ఏ టీకానో నాకు ఈ రోజుకీ తెలియదు. ఈ కథంతా అక్కడే ఉంది.

అప్పట్లో నేను న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోకు పది నిమిషాల దూరంలో ఉన్న చిన్న క్లినిక్‌లో పనిచేసేదాన్ని. రెండు వేల ఆరో, ఏడో. క్లినిక్ పెట్టిన పెద్ద డాక్టరు, నేను, ఒక టెక్నీషియను, అంతే మా బలగం. పెద్ద డాక్టరుకు డెబ్బై దగ్గర పడ్డాయి. పెన్సిల్వేనియాలో పాడి రైతుల ఇంట పుట్టిన మనిషి, గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. టెక్నీషియను ట్రెంటన్ నుంచి వచ్చేది. ఆవిడ గొంతు పెంచకుండా మాట్లాడగా వినలేదు.

ఫెరెట్ అంటే తెలియనివాళ్లకు: చూడటానికి మన ముంగిసలా ఉంటుంది, పొడుగ్గా, పల్చగా, ఒక్క క్షణం కుదురుగా ఉండదు. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ జబ్బు దీనికీ వస్తుంది. కుక్కల్లో కొన్నయినా బతికి బయటపడతాయి. ఫెరెట్‌కు వస్తే మాత్రం బతికినదాన్ని నేను చూడలేదు. టీకా ఒక్కటే దారి. అయితే కుక్కపిల్లలకు వేసే టీకా ఫెరెట్‌కు వేయకూడదు. అందులో ఉండేది బలం తగ్గించిన బతికున్న వైరస్. కుక్కకు తగ్గిన బలం ఫెరెట్‌కు ఎక్కువైపోవచ్చు, ఏ జబ్బు రాకూడదని వేశామో ఆ జబ్బే రావచ్చు. ఫెరెట్లకు వేరే టీకా ఉంది. అందులో వైరస్‌లోని చిన్న ముక్క మాత్రమే ఉంటుంది, దానివల్ల జబ్బు రాదు. కాకపోతే కొన్నిటికి అది పడదు. వేసిన కాసేపటికే వాంతులు చేసుకుని కుప్పకూలిపోతాయి. అందుకే మా క్లినిక్‌లో టీకా వేయించుకున్న ఫెరెట్‌ను అరగంట కూర్చోబెట్టందే గుమ్మం దాటనిచ్చేవాళ్లం కాదు.

పెద్ద డాక్టరు పెట్టిన నియమాలు ఇంకో మూడు ఉండేవి. జంతువు బల్లమీదికి వచ్చాకే మందు కలపాలి. కలిపిన చెయ్యే సూది వెయ్యాలి. ఏ కారణం చేతనైనా వెయ్యకపోతే కలిపిన మందు అప్పటికప్పుడు పారెయ్యాలి.

ఆ మూడోది నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. నా మొదటి పోస్టింగు కృష్ణా జిల్లాలో ఒక పశువుల ఆసుపత్రి. కోళ్లకు కొక్కెర తెగులు టీకా వెయ్యడానికి ఐసు ముక్కలు వేసిన థర్మాస్ ఫ్లాస్కు భుజాన తగిలించుకుని, తెల్లారకముందే కాంపౌండరుతో బయల్దేరేదాన్ని. ఒక సీసా విప్పితే వంద కోళ్లకు సరిపోతుంది. ముప్పై కోళ్లే దొరికితే మా కాంపౌండరు వీధి చివరి దాకా వెళ్లి, జనాన్ని నిద్రలేపి, మిగతా డెబ్బైని గంపల కిందనుంచి లాక్కొచ్చేవాడు. "అమ్మా, మందు పారబోస్తే మహాపాపం" అనేవాడు. ఆయన నేర్పినవన్నీ నాకు అమెరికాలో కూడా పనికొచ్చాయి, ఈ ఒక్కటి తప్ప.

అది ఫిబ్రవరి, శనివారం. బయట మంచు. పొద్దున్నే ఒక కుక్కపిల్లను తెచ్చారు. మందు కలిపి సిరంజిలోకి తీశాక చూస్తే దానికి జ్వరం. జ్వరం ఉన్నప్పుడు టీకా వెయ్యం కదా. వాళ్లను మళ్లీ రమ్మని పంపేశాను. చేతిలో నిండు సిరంజి మిగిలింది. అరగంటలో ఇంకో కుక్కపిల్ల రావాలి. పారెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. మూత బిగించి ఫ్రిజ్ పై అరలో పెట్టాను. మంచు వల్ల ఆ రెండో కుక్కపిల్ల రానేలేదు.

దాని తర్వాత వచ్చింది మాకు బాగా తెలిసిన కుటుంబం. ప్లెయిన్స్‌బరో అపార్టుమెంట్లలో పదేళ్లుగా ఉంటున్నవాళ్లు. తల్లి నన్ను అక్కా అంటుంది. కూతురికి పదమూడేళ్లు, మూడేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచీ నాకు తెలుసు. ఫెరెట్ వాళ్లింటికి చేరడం తమాషాగా జరిగింది. తండ్రితో పనిచేసే ఒకాయన ఫ్రీమాంట్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతూ, కాలిఫోర్నియాలో ఫెరెట్లు పెంచనివ్వరు కాబట్టి, వారం రోజులు ఉంచుకోండని వీళ్లకిచ్చాడు. నెలలు గడిచినా ఆ వారం ఇంకా పూర్తికాలేదు.

"ఈ ముంగిస నా ప్రాణం తీస్తోందక్కా. మొన్న బియ్యం డబ్బాలో దూరి పడుకుంది. ఆ బియ్యమంతా ఏం చెయ్యను చెప్పండి?" అంది తల్లి.

"ఇట్స్ నాట్ ముంగిస, అమ్మా. ఆంటీ, నువ్వు చెప్పు," అంది పిల్ల.

నేను నవ్వుతూ ఫెరెట్ టీకా కలిపి సిరంజిలోకి తీశాను. అప్పుడే ముందు గదిలో గోల. కారు కింద పడిన కుక్కను దుప్పట్లో చుట్టి తెచ్చారు. చేతిలో సిరంజిని నేనే వెళ్లి ఫ్రిజ్ పై అరలోనే పెట్టి పరిగెత్తాను. ఇరవై నిమిషాల తర్వాత, ఆ కుక్కను పెద్ద డాక్టరుకు అప్పగించి తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, ఫ్రిజ్ తీసి, సిరంజి తీసుకుని వేశాను. ఫెరెట్ టీకా సీసా మీది స్టిక్కరు ఫైల్లో అంటించాను. వాళ్లు అరగంట కూర్చున్నారు. ఫెరెట్ ముక్కు ఎర్రబడలేదు, వాంతి కాలేదు. "చూశావా, బంగారం లాంటి పిల్ల!" అని దాని వీపు తట్టి పంపించాను.

మధ్యాహ్నం క్లినిక్ మూసేముందు టెక్నీషియను ఫ్రిజ్ తుడుస్తూ కేకేసింది.

"డాక్టర్, ఈ సిరంజి ఎవరిది?"

"పొద్దుటి కుక్కపిల్లది. పారేసెయ్."

"కచ్చితంగా కుక్కపిల్లదేనా? మీరు ఆ కారు కింద పడిన కుక్క దగ్గరున్నప్పుడు నేను రక్తం ట్యూబులు పెట్టడానికి పై అరలో ఉన్నవన్నీ జరిపాను. అప్పుడు రెండు ఉన్నాయి. ఇప్పుడు ఒకటే ఉంది."

దగ్గరికి వెళ్లి చూశాను. చీటీ లేదు. పేరు లేదు. లోపలున్నది నీళ్లలా తేటగా ఉంది. రెండూ అలాగే ఉంటాయి, ఒకటే కొలత, ఒకటే సైజు సిరంజి. నేను తీసుకున్నది కుడివైపుదా, ఎడమవైపుదా? ఎంత ఆలోచించినా చల్లటి ఫ్రిజ్ గాలి తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు. ఆ సిరంజి పట్టుకునే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాను.

పెద్ద డాక్టరు అంతా విన్నాడు. కోప్పడలేదు.

"వేసింది కుక్కల టీకా అయితే వారం నుంచి పది రోజుల్లో తెలుస్తుంది. కళ్లు, ముక్కు కారతాయి. జ్వరం వస్తుంది. ఆ తర్వాత గడ్డం కింద దద్దురు. దాని తర్వాత మన చేతిలో ఏమీ ఉండదు. మూడు వారాలు గడిస్తే గండం గడిచినట్టే. అప్పటిదాకా వేరే ఫెరెట్ల దగ్గరికి పోనివ్వకూడదు. ఇప్పుడే వాళ్లకు ఫోన్ చెయ్యి."

"వాళ్లు మావాళ్లు. ఫోన్‌లో చెబితే బాగుండదు. ఇంటికి వెళ్లి చెబుతాను," అన్నాను.

"ఇవాళేనా?"

"రేపు."

ఈ మాట దగ్గర ఆగండి. కలిపిన మందు దాచడం నా మొదటి తప్పు, సిరంజి మీద పేరు రాయకపోవడం రెండోది. ఆ రెండూ అలవాటుకొద్దీ, తొందరకొద్దీ జరిగినవి. ఈ మూడోది మాత్రం పూర్తి స్పృహతో చేశాను. వాళ్లు ముక్కూ మొహం తెలియని అమెరికన్లయి ఉంటే అయిదు నిమిషాల్లో ఫోన్ చేసి చెప్పేసేదాన్ని. మనవాళ్లు అనేసరికి మొహమాటం అడ్డొచ్చింది.

ఆదివారం ఒక డబ్బా నిండా గోంగూర పచ్చడి పట్టుకుని వెళ్లాను. తల్లి సంబరపడిపోయింది. కాఫీ ఇచ్చింది, ఉప్మా పెట్టింది. ఫెరెట్ నా సాక్సు లాక్కుని సోఫా కిందికి పోయింది. దాన్ని పట్టుకుని ఆడిస్తున్నట్టుగా గడ్డం, కళ్లు, ముక్కు చూశాను. శుభ్రంగా ఉన్నాయి. చెబుదామని నోరు తెరిచాను. "అక్కా, మీలా ఇంటికొచ్చి చూసే డాక్టరు ఈ దేశంలో ఎవరికుంటారు?" అందావిడ. నోరు మూసుకున్నాను.

సోమవారం పెద్ద డాక్టరు అడిగాడు, "వాళ్లింటికి వెళ్లావా?"

"వెళ్లాను."

"ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నారు."

రెండు జవాబులూ నిజమే. అబద్ధం ఆడకుండా ఒక మంచి మనిషిని మోసం చెయ్యడం ఎంత తేలికో ఆ రోజే తెలిసింది.

మనలో డబ్బా ఖాళీగా తిరిగివ్వరు కదా. మంగళవారం నా పచ్చడి డబ్బా తీసుకుందామని వెళితే ఆవిడ దాన్నిండా జంతికలు పోసి ఇచ్చింది. ఆ జంతికలు ఇంట్లో పెట్టి, డబ్బా నిండా కొబ్బరి లడ్డూలు చేసుకుని గురువారం మళ్లీ వెళ్లాను. ఆ వారమంతా ఆ ప్లాస్టిక్ డబ్బా మా రెండిళ్ల మధ్య తిరుగుతూనే ఉంది, నేను దాని వెనకాలే తిరిగాను. వెళ్లిన ప్రతిసారీ గడ్డం చూడటం, కళ్లు చూడటం, చెప్పకుండా తిరిగి రావడం. ఇంటికొచ్చాక, ఇవాళ బాగానే ఉంది, అది సరైన టీకాయే అయ్యుంటుంది, చెప్పి వాళ్లను హడలగొట్టడం ఎందుకు అని నాకు నేనే వకాల్తా పుచ్చుకునేదాన్ని.

గురువారం వాళ్లాయన ఒళ్లు వెచ్చబడిందని ఆఫీసు నుంచి ముందే వచ్చి పడుకున్నాడు. ఫ్లూ. దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు.

శనివారం సాయంత్రం, టీకా వేసిన ఏడో రోజు, మళ్లీ వెళ్లాను. పిల్ల హాల్లో కింద కూర్చుని ఫెరెట్‌కు కొత్త పట్టీ తొడుగుతోంది. పక్కన చిన్న పంజరం, నీళ్ల సీసా, మడిచిన తువ్వాలు.

"ఎక్కడికే ప్రయాణం?" అన్నాను.

"రేపు ఫెరెట్ మీట్ ఉంది, ఆంటీ. చర్చి హాల్‌లో. ఫార్టీ ఫెరెట్స్ వస్తాయి! ఫస్ట్ టైమ్ తీస్కెళ్తున్నా."

అప్పుడే ఫెరెట్ తుమ్మింది. ఒకసారి, వెంటనే రెండోసారి. దాన్ని ఎత్తుకున్నాను. కంటి కొసల్లో తడి. ముక్కు కారుతోంది. ఒళ్లు చేతికి కాలుతోంది. డిస్టెంపర్ గాలిలోనే పాకుతుంది. మూసిన హాలు, నలభై ఫెరెట్లు.

అప్పటికీ, వినండి, నేను ఇంకో అబద్ధానికే ప్రయత్నించాను.

"దీనికి కాస్త జలుబు చేసినట్టుందమ్మా. రేపు వద్దులే."

"ఇట్స్ ఫైన్, ఆంటీ. నాన్నది క్యాచ్ అయింది. నాన్న ఫ్లూ ఫెరెట్స్‌కి వస్తుంది, ఐ రెడ్ అబౌట్ ఇట్. మాస్క్ పెట్టుకుని నేనే పట్టుకుంటా, ఎవరికీ ఇవ్వను."

పిల్ల చెప్పింది నిజమే. మనుషుల ఫ్లూ ఫెరెట్‌కు అంటుతుంది. ఫ్లూ మొదటి రోజు, డిస్టెంపర్ మొదటి రోజు చూడటానికి ఒకేలా ఉంటాయి. తల్లి కాఫీ గ్లాసు నా చేతికివ్వబోయింది. నేను తీసుకోలేదు.

"కూర్చో అమ్మా. మీ ఇద్దరికీ ఒక మాట చెప్పాలి," అన్నాను.

చెప్పాను. ఫ్రిజ్, రెండు సిరంజీలు, కారు కింద పడిన కుక్క, అంతా. లోపలి గదిలోంచి తండ్రి దుప్పటి కప్పుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పోనీలెండక్కా, మనుషులన్నాక పొరపాట్లు జరగవా?" అంది తల్లి. ఆవిడ కళ్లు మాత్రం నేలమీద ఉన్నాయి. తర్వాత మెల్లగా, "అయితే ఈ వారమంతా మీరు వచ్చింది…" అని సగంలో ఆపేసింది. ఆ సగం మాటకు నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

పిల్ల ఏడవలేదు. "వెన్ డిడ్ యూ నో, ఆంటీ?" అంది.

"టీకా వేసిన రోజే. మధ్యాహ్నం."

"ట్యూస్‌డే కూడా తెలుసా? నువ్వు దీనితో ఆడావు కదా, అప్పుడు?"

"తెలుసు."

"థర్స్‌డే?"

"తెలుసు."

"నిన్న నా ఫ్రెండ్ తన ఫెరెట్స్ తీస్కొచ్చింది. టూ. ఒకటి బేబీ, దానికి ఇంకా షాట్స్ అవలేదు. నువ్వు చెప్తే నేను రానిచ్చేదాన్ని కాదు."

పిల్ల ఫోన్ తీసి ముందు ఆ స్నేహితురాలికి చేసింది. తన ఫెరెట్‌కు పొరపాటున వేరే టీకా పడి ఉండవచ్చని, డిస్టెంపర్ కావచ్చు కాకపోవచ్చని, మీ రెండిటినీ ఎవరితోనూ కలపవద్దని, సారీ అని ఇంగ్లీషులో తడబడకుండా చెప్పింది. తర్వాత ఆ మీట్ పెట్టినవాళ్లకు చేసి రావడం లేదని చెప్పింది. నాకు ఏడు రోజులు పట్టిన మాట ఆ పిల్ల ఒక్క నిమిషంలో చెప్పింది, అదీ తన తప్పు లేకుండా.

అక్కడినుంచే నేను పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాను. వాళ్లకు ఇప్పుడే చెప్పానని ఒప్పుకున్నాను.

"వెళ్లానని చెప్పావు," అన్నాడు.

"వెళ్లాను."

"చెప్పావా అని అడగాల్సింది. నేను సరిగ్గా అడగలేదు," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఫెరెట్‌ను వాళ్ల బాత్రూంలో విడిగా ఉంచారు. పెద్ద డాక్టరు హుకుం ప్రకారం నేను రోజూ వెళ్లి జ్వరం చూసి, గడ్డం చూసి, అరికాళ్లు తడిమి కాయితం మీద రాయాలి. డిస్టెంపర్ అయితే అరికాళ్లు గట్టిపడతాయి. ఈసారి ఏ డబ్బా లేదు. తలుపు తీసేది, చేతులకు తొడుగులు అందించేది పిల్లే. నేను చూసిన ప్రతిదీ తనూ వంగి చూసేది. నేను రాసిన అంకెను థర్మామీటరుతో సరిచూసుకునేది.

ఎనిమిదో రోజు జ్వరం పెరిగింది. తొమ్మిదో రోజు తిండి మానేసింది. పిల్ల కోడిమాంసం గుజ్జును నీళ్లలో కలిపి, సూది లేని సిరంజితో చుక్కచుక్కగా దాని నోట్లో వేసింది. మాంసం వాసన పడని ఆ తల్లి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఆ గుజ్జును తనే వేడిచేసి ఇచ్చింది. "తిను నా తల్లీ, తిను," అంటూ ముంగిసను బతిమాలుతుంటే నేను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

పదో రోజు గడ్డం కింద ఎర్రటి మచ్చ కనిపించింది. పిల్ల తడి దూదితో నెమ్మదిగా రుద్దింది. మచ్చ ఊడి దూదికి అంటుకుంది. ఎండిన గుజ్జు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంతకుముందైతే ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్లం.

పదకొండో రోజు జ్వరం దిగింది. పన్నెండో రోజు అది తువ్వాలును సింకు కిందికి లాక్కుపోయింది. దద్దురు రాలేదు, అరికాళ్లు మెత్తగానే ఉన్నాయి. స్నేహితురాలి రెండు ఫెరెట్లకు కూడా ఏమీ కాలేదు. ఇరవై ఒకటో రోజు క్లినిక్‌కు తెచ్చారు. పెద్ద డాక్టరు తల నుంచి తోక దాకా చూసి, ఫ్లూయే అన్నాడు.

ఆ మొదటి రోజు పడింది ఫెరెట్ టీకాయేనా, లేక కుక్కల టీకా పడినా అదృష్టం బాగుండి తప్పించుకుందా? ఎవరూ చెప్పలేరు. అందుకే దానికి మళ్లీ సరైన టీకా వెయ్యాలి. నేను సీసా కోసం లేచాను.

"కెన్ ది అదర్ డాక్టర్ డూ ఇట్?" అంది పిల్ల, నావైపు చూడకుండా.

పెద్ద డాక్టరు నన్ను ఒకసారి చూసి తనే కలిపి, తనే వేశాడు. టెక్నీషియను ఎందుకో ఆ రోజు చాలా మెల్లగా మాట్లాడింది. అరగంట ఎవరికి వారు గడియారం చూస్తూ కూర్చున్నాం.

వెళ్లేటప్పుడు తల్లి నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. "మనసులో పెట్టుకోకండక్కా. ఆదివారం భోజనానికి రండి," అంది. తండ్రి చెయ్యి కలిపాడు. వాళ్లిద్దరూ నిజంగానే క్షమించారు, ఇప్పటికీ రాకపోకలు ఉన్నాయి. పిల్ల ఫెరెట్‌ను సంచిలో పెట్టుకుని, జిప్పు వేసి, నా ముందుకొచ్చి నిలబడింది. ఎంతో మర్యాదగా, "థాంక్యూ, డాక్టర్," అంది.

మూడేళ్ల వయసు నుంచి నన్ను ఆంటీ అని పిలిచిన పిల్ల. ఇప్పుడు ఆ అమ్మాయికి పెళ్లయింది, ఉద్యోగం చేస్తోంది. ఎవరింట్లోనైనా ఎదురుపడితే నవ్వుతుంది, ఆరోగ్యం అడుగుతుంది, కూర్చోమని కుర్చీ లాగుతుంది. పక్కనున్న ఆడవాళ్లందరినీ ఆంటీ అని పిలుస్తుంది. నన్ను మాత్రం ఈ రోజుకీ డాక్టర్ అనే పిలుస్తుంది.